చెరువు చేతులు మారితే వాన కురిసినట్టా?

శ్రీసత్యసాయి జిల్లా అమరాపురంలో వక్క తోట పెంచిన రైతు కన్నుమూస్తే, పిల్లలకు తోటతో పాటు బ్యాంకు డిపాజిట్టు, హిందూపురంలో ఎప్పుడో కొన్న ఇంటి స్థలం కూడా దక్కవచ్చు. డిపాజిట్టు తాలూకు పదిహేను లక్షలు ఖాతాలో పడ్డ రోజున, దాన్ని ఈ ఏటి ఆదాయంగా చూపాలేమోనన్న భయం మొదలవుతుంది. చూపనక్కర్లేదు. ఆదాయం పారే నీరు, ఆస్తి నిలిచిన నీరు. చెరువు తండ్రి చేతి నుంచి పిల్లల చేతికి వచ్చినంత మాత్రాన కొత్త వాన కురవలేదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 56వ సెక్షను ఏడాదికి 50,000 రూపాయలు మించి ఉచితంగా అందిన సొమ్మును ఆదాయంగా లెక్కగడుతుంది గానీ, వీలునామా వల్లనో వారసత్వంగానో వచ్చినదాన్ని, ఎంతైనా సరే, వదిలేస్తుంది. దాని స్థానంలో తెచ్చిన 2025 చట్టమూ ఈ మినహాయింపును ఉంచింది.

కష్టపడి సంపాదించిన జీతానికి పన్ను వేసి, అయాచితంగా వచ్చిన ఆస్తిని వదిలేయడం న్యాయమా అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న బలమైనదే. తండ్రి అప్పుడే పన్ను కట్టాడు కదా అన్న జవాబు ఇక్కడ నిలవదు, వ్యవసాయాదాయానికి ఆయనకూ పన్ను లేదు. అసలు జవాబు వేరే ఉంది. నలభై ఏళ్ల పొదుపును వారసుడి ఒక్క ఏడాది ఆదాయంలో కలిపితే, చిన్న జీతగాడు కూడా పై శ్లాబులోకి ఎగబాకుతాడు. వారసత్వంపై పన్ను వేయాలనుకున్నప్పుడు మన దేశం 1953లో విడిగా ఎస్టేట్ డ్యూటీ తెచ్చింది. అది మృతుడి ఆస్తిపై పన్ను, వారసుడి ఆదాయంపై కాదు. గరిష్ఠ రేటు 85 శాతానికి చేరిన ఆ పన్నును ఆర్థికమంత్రి వి.పి.సింగ్ హయాంలో, 1985 మార్చి 16 నుంచి జరిగే మరణాలకు వర్తించకుండా ఎత్తేశారు. బ్రిటన్‌లో నేటికీ 40 శాతం వారసత్వ పన్ను ఉంది, అదీ ఆదాయపు పన్నుతో కలవనిదే. అసమానత తగ్గించాలంటే అలాంటి చట్టంపై బహిరంగంగా చర్చించాలి. ఆదాయం అన్న మాటకు అర్థం మార్చి కాదు.

అయితే నిలిచిన నీరు మళ్లీ పారుతుంది. మరణించిన నాటి వరకు వచ్చిన వడ్డీ తండ్రి లెక్కలోది, ఆ తర్వాతిది పిల్లల ఆదాయం. స్థలం అమ్మితే లాభంపై పన్ను పడుతుంది. ఆ లాభాన్ని తండ్రి కొన్న ధర నుంచే లెక్కిస్తారు, ఆయన ఉంచుకున్న ఏళ్లూ కలుస్తాయి. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్నదైతే ఆ నాటి విలువను తీసుకోవచ్చు. కాబట్టి బీరువాలోని పాత రిజిస్ట్రేషను కాగితం విలువైనది. అమరాపురం పొలం పట్టణాలకు దూరం గనుక, దాని అమ్మకానికి ఈ పన్ను లేదు. లక్ష జనాభా దాటిన హిందూపురం పొలిమేర నుంచి 6 కిలోమీటర్ల లోపు పొలానికి ఉంటుంది. తండ్రి కట్టాల్సిన పాత పన్ను బాకీ ఉంటే వారసులదే బాధ్యత, అదీ వారికి దక్కిన ఆస్తి మేరకే.