చర్చి కింద రాజుల గది

1779లో ఇంగ్లండ్‌లోని రెప్టన్ చర్చిలో ఓ పనివాడు సమాధి కోసం గొయ్యి తవ్వుతూ ఉన్నట్టుండి కింది గదిలోకి పడిపోయాడంటారు. అతను పడింది వెయ్యేళ్ల నాటి రాజుల సమాధి గదిలో. అలాంటిది ఒకటుందన్న సంగతే అప్పటికి ఊరు మరిచిపోయింది.

డర్బీషైర్‌లోని రెప్టన్ ఇవాళ పేరున్న బడి ఒకటి ఉన్న పల్లెటూరు. 8వ శతాబ్దంలో మాత్రం మెర్సియా అనే పాత రాజ్యాన్ని ఏలిన వంశానికి ముఖ్యమైన చోటు. 757లో హత్యకు గురైన ఎథెల్‌బాల్డ్ రాజును ఇక్కడే ఖననం చేశారు. తర్వాత విగ్లాఫ్ రాజునూ ఇక్కడికే తెచ్చారు. 849లో ఆయన మనవడు విస్టన్ దాయాది చేతిలో హతమైతే, తాత ఉన్న గదికే చేర్చారు. అక్కడ మహిమలు జరుగుతున్నాయన్న మాట పాకింది, జనం పోటెత్తారు. మన గుళ్లలో దర్శనం క్యూలా ఒకవైపు దిగి మరోవైపు ఎక్కేందుకు రెండు ఇరుకు మెట్లదారులు తొలిచారు. చర్చి ఇప్పటికీ సెయింట్ విస్టన్ పేరు మీదే ఉంది.

గది మరీ చిన్నది. ఒక్కో పక్క సుమారు 16 అడుగులు. మధ్యలో నాలుగు స్తంభాలు, వాటి మీద తొమ్మిది చిన్న అరలుగా వంగిన రాతి కప్పు. స్తంభాల దగ్గర కాసేపు ఆగాలి. ఒక్కోదాని చుట్టూ ఉబ్బెత్తు పట్టీ ఒకటి కింది నుంచి పైదాకా మెలి తిరుగుతూ ఎక్కుతుంది. పైన ఆకులూ పూలూ లేవు, నలుచదరపు దిమ్మె మాత్రమే. రోమ్‌లోని పాత సెయింట్ పీటర్స్ చర్చిలో పీటర్ సమాధి దగ్గరి మెలి స్తంభాలే దీనికి ప్రేరణ కావచ్చని పండితుల ఊహ. నాకది నమ్మదగ్గదిగానే తోస్తుంది. ఇంత ఇరుకు గదిలో అంత శ్రమ పడి రాతిని మెలితిప్పారంటే, లోపలున్న మనిషి సామాన్యుడు కాడని చెప్పడానికే.

873లో వైకింగులు వచ్చిపడ్డారు. మెర్సియా రాజు బర్‌గ్రెడ్ దేశం విడిచి పారిపోయాడు. వైకింగులు చర్చినే కోట గోడలో భాగం చేసుకుని, చుట్టూ కందకం తవ్వి ఆ చలికాలం గడిపారు. 1974లో పురావస్తు శాస్త్రవేత్తలు మార్టిన్ బిడిల్, బిర్తె కోల్బీ-బిడిల్ దంపతులు మొదలుపెట్టిన తవ్వకాల్లో, చర్చికి పడమర కనీసం 264 మంది ఎముకలు ఒక్కచోటే దొరికాయి. వాటిలో కొన్ని వైకింగుల కాలం కన్నా పాతవని మొదట్లో కార్బన్ పరీక్షలు చెప్పాయి. కానీ సముద్రపు చేపలు ఎక్కువగా తిన్నవాళ్ల ఎముకలు ఈ పరీక్షల్లో ఉన్నదానికన్నా పాతవిగా లెక్కకొస్తాయి. 2018లో ఆ తేడా సరిచేసి చూస్తే కాలం వైకింగుల రాకతో సరిపోయింది. మఠాలు దోచుకునే సైన్యం తన మృతులను ఇంకొకరి రాజుల పక్కన పడుకోబెట్టుకుంది! ఆ చోటి పరువు శత్రువుకీ తెలుసన్నమాట.

1979లో ఆ సమాధి గది పక్కనే దొరికిన శిలువ స్తంభపు ముక్క మీద గుర్రమెక్కిన మీసాల వీరుడున్నాడు, చేతిలో కత్తీ డాలూ. అతను ఎథెల్‌బాల్డే కావచ్చని బిడిల్ దంపతుల అభిప్రాయం. మరో ముఖాన మనిషి మొహమున్న పాము ఇద్దరు మనుషుల తలలు మింగుతోంది. ఆ రాయి ఇప్పుడు డర్బీ మ్యూజియంలో ఉంది.

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లు లండన్ కోట ఎటూ చూస్తారు. డర్బీ వైపు వెళ్లినప్పుడు ముందు మ్యూజియంలో ఆ రాయి చూసి, తర్వాత రెప్టన్‌లో ఆ మెట్లు దిగండి. రెండింటికీ ఒక్క పూట చాలు.