టిఫ్రాక్ కాగితములు

1912లో తొలి ఉక్కు దిమ్మెను పోసిన జంషెడ్‌పూరునందు, టాటా స్టీల్ వారి పత్రభాండాగారము రస్సీ మోదీ సెంటర్ ఫర్ ఎక్సెలెన్స్ భవనమున నెలకొనియున్నది. ఉక్కుకొలిమి చరిత్రకు లభించిన యీ యాదరము మన తొలినాటి గణనయంత్రములకును లభింపవలదా?

1954లో బొంబాయి టాటా మౌలిక పరిశోధన సంస్థను జేరిన రంగస్వామి నరసింహన్ గారి నేతృత్వమున నిర్మితమై, 1960లో పనిచేయ నారంభించి, 1962లో నెహ్రూచే టిఫ్రాక్ అను నామమును బడసిన యంత్రము, సుమారు 2,700 శూన్యనాళికలను ధరించియు, నలువది బిట్ల పదములను 2,048 మాత్రమే జ్ఞాపకముంచుకొనగలిగెడిది. దాని యాజ్ఞలను వివరించు మాన్యువల్ లేనిచో, ఆ యాజ్ఞలను మోసిన రంధ్రములు గల కాగితపుపట్టీ యెంత భద్రముగ నున్నను, లిపి మఱచిన శాసనమువలె మూగవోవును.

ఆమ్లముగల చౌక కాగితముపై తీసిన యట్టి మాన్యువళ్ల సైక్లోస్టైలు ప్రతులు పసుపువాఱి పెళుసెక్కును. గుండుసూది త్రుప్పు వానిని తినును. మిగిలినది చెదలు చూచుకొనును. కావున సూదులను దీసివైచి, ఆమ్లరహితమైన పెట్టెలయందుంచి, గదిలో తేమను హెచ్చుతగ్గులు లేక నిలుపవలెను. స్కానింగు మంచిదే కాని, కాగితముల మూలక్రమమును చెడగొట్టరాదు; ఏ పత్రము దేని ప్రక్కన నుండెనో యదియు సాక్ష్యమే. అంచులందలి పెన్సిలు దిద్దుబాటులు, నా మతమున, అచ్చైన పుటలకన్న విలువైనవి: యంత్రము మొరాయించిన తావులు అచ్చట నగపడును.

విశ్రాంత ఇంజనీర్ల యిండ్లలో నట్టి కాగితముల కట్టలున్నచో, పాతకాగితాలవానిని పిలుచుటకు ముందు ఏదేని పత్రభాండాగారమునకు చూపుట మేలు.