సమష్టి కొనుగోలు - రైతునకు దానివలని మేలు

“అమ్మబోయిన అడవి, కొనబోయిన కొరివి” యను సామెత నెఱుగని రైతు లేడు. పంటకు తగిన ధర రాలేదని మనమందఱమును విచారింతుము. సభలు చేసి తీర్మానములు గావింతుము. కాని సామెతలోని రెండవ సగమును గూర్చి యాలోచించువారు తక్కువ. విత్తనములు, ఎరువులు, పురుగు మందులు కొనునప్పుడు చేజారిన ధనము పంట నమ్మునప్పుడు తిరిగి వచ్చునది కాదు. ఈ విషయమునే యీ నెల సభ్యులకు విన్నవింపదలచితిమి.

పెద్ద కర్మాగారములవారు ముడిసరుకు కొనుటకై ప్రత్యేకముగ నొక శాఖను, అందు అనుభవజ్ఞులగు ఉద్యోగులను నియమించుకొందురు. దానికి కారణము చిన్న లెక్కవలన తెలియును. ఒక రైతు 40,000 రూపాయలు ఖర్చుపెట్టి, పంటను 50,000 రూపాయలకు అమ్మెననుకొందము. లాభము 10,000. కొనుగోలున జాగ్రత్త వహించి 2,000 రూపాయలు మిగిల్చెనేని లాభము 12,000 అగును. అనగా ఖర్చు ఇరువదింట నొక వంతు తగ్గినంతనే లాభము ఐదింట నొక వంతు పెరిగినది. ఆ 2,000 రూపాయలను దిగుబడి పెంచి సంపాదింపవలెనన్నచో మఱింత ఎరువు, మఱింత కూలి కావలయును. వాన దయయు గావలయును. కొనుగోలున మిగిలిన రూపాయి గాలివానకు పోదు.

అయితే ఒంటరిగా కొను రైతు బలహీనుడు. చేతిలో రొక్కము లేనివాడు వర్తకునియొద్ద అరువు తెచ్చును. అరువిచ్చినవాడు చెప్పినదే ధర, చూపినదే విత్తు. యూరియా యడిగినవానికి అక్కఱలేని మందును గూడ అంటగట్టుట కలదు. కోతలు కాగానే పంటను సయితము ఆతనికే, ఆతడు చెప్పిన ధరకే అప్పగింపవలసి వచ్చును. కొనుటలో పోయిన స్వాతంత్ర్యము అమ్ముటలోను పోవుచున్నది.

యూరియా గరిష్ఠ ధరను ప్రభుత్వమే నిర్ణయించును గాన, అందు బేరమునకు తావు లేదు గదా యని కొందఱందురు. నిజమే. కాని సరుకు అదనునకు అందుట, బండి కిరాయి తగ్గుట గూడ లాభములే. 10 టన్నుల లారీ నిండవలెనన్న 45 కిలోల బస్తాలు సుమారు 222 కావలయును. ఎకరమునకు రెండేసి బస్తాలైనచో అవి 111 ఎకరములకు సరిపోవును. మూడెకరముల రైతు ఒక్కడు లారీని పిలువలేడు; అట్టివారు 37 మంది కలిసినచో లారీ వారి యూరి గోదాము ముంగిట నిలుచును.

ఇది క్రొత్త మాట కాదు. 1844లో ఇంగ్లండులోని రాక్‌డేలు పట్టణమున 28 మంది తలకొక పౌను చొప్పున మూలధనము కూర్చుకొని అంగడి తెఱచిరి. కల్తీలేని పిండి, వెన్న, పంచదార సరియైన తూకమున పొందుటయే వారి కోరిక. వచ్చిన లాభమును కొనుగోళ్లనుబట్టి పంచుకొనిరి. మన దేశమున 1904 నాటి చట్టము ఋణ సంఘములకే యుద్దేశింపబడినది. 1912 నాటి చట్టము క్రయవిక్రయ సంఘములకును దారి చూపినది. 1967లో 57 సహకార సంఘములు కలిసి ఇఫ్కోను స్థాపించి, పిదప గుజరాతులోని కలోలు, కాండ్లాలందు సొంత కర్మాగారములను నిర్మించుకొన్నవి. ఎరువు కొనువారే ఎరువు చేయువారైరి. తెలంగాణమున 1956లో పుట్టిన ములుకనూరు సహకార గ్రామీణ బ్యాంకు ఋణమును, ఎరువులను, పంట అమ్మకమును ఒక్కచోటనే నడుపుచున్నది.

ఇక కొనువిధానము. మొదటిది, బస్తా ధరను గాక అందలి సారమును చూడవలయును. 50 కిలోల డి.ఏ.పి. బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరము 23 కిలోలు ఉండును. సింగిల్ సూపర్ ఫాస్ఫేటు బస్తాలో భాస్వరము 8 కిలోలు. కావున మూడు సూపరు బస్తాలును, సుమారు 20 కిలోల యూరియాయు ఒక డి.ఏ.పి. బస్తాకు సాటి. ఆనాటి ధరలతో రెంటిని పోల్చి చూచి యేది చౌకయో తేల్చుకొనవలయును. సూపరులో గంధకము, సున్నము గూడ ఉండుటచే వేరుసెనగకు అది మిక్కిలి మేలు.

రెండవది, విత్తనమును పరీక్షింపక పుచ్చుకొనరాదు. ధ్రువీకరించిన విత్తనపు సంచికి నీలి చీటీ యుండును. అట్టి వరి విత్తనము నూటికి కనీసము 80, వేరుసెనగ 70 మొలకెత్తవలయును. నూఱు గింజలను తడి గోనెగుడ్డలో చుట్టి మొలకలు లెక్కించుట ప్రతి యింటను చేయదగిన పని. రశీదు, చీటీ, ఖాళీ సంచి, గుప్పెడు విత్తనము పంట చేతికి వచ్చువఱకు దాచవలయును. అవి లేనిచో మోసపోయినవాని మొఱ నిలువదు.

మూడవది, ఒక్కరి మాటపై కొనక, పలువురు వర్తకుల ధరలను వ్రాతమూలమున తెప్పించి, సభ్యుల యెదుట విప్పి చూడవలయును. సరుకు దిగునప్పుడు తూకము వేయించుటకు ఇద్దఱు సభ్యులైనను దగ్గఱ నుండవలయును.

మా లోపమును దాచము. ఒక యేట మేము సభ్యుల అవసరములను సకాలమున సేకరింపమైతిమి. కొందఱు నాట్లు పడిన పిదప చెప్పిరి. మేమును గట్టిగ నడుగకుంటిమి. సరుకు వచ్చునప్పటికి పైపాటు ఎరువు వేయు అదను దాటినది. కావలెనని చెప్పినవారిలోనే కొందఱు, బయటి అంగడిలో నాలుగు దినములు బస్తాకు పది రూపాయలు తగ్గించినంతనే అచ్చటికి పోయిరి. గోదాములో మిగిలిన సరుకుపై వడ్డీ సంఘమునకు పడినది. ఆ నష్టము మఱియెవరిదియు గాదు, మనదే.

కావున సభ్యసోదరులకు మా మనవి: తొలకరికి రెండు నెలలు ముందే మీమీ పొలమునకు కావలసిన విత్తనము, ఎరువు ఎంతయో లెక్కవేసి కార్యదర్శికి వ్రాసి యిండు. వ్రాసి యిచ్చిన మాటకు నిలువుడు. లెక్కలు చూపుమని మమ్ము నిలదీసి యడుగుడు. అడుగుట మీ హక్కు, చూపుట మా విధి. ముప్పదియేడుగురు కూడిననే లారీ కదలును.