డోన్ ఎండ, బందరు ఉక్క

మే నెల మధ్యాహ్నం డోన్ జంక్షన్‌లో రైలు దిగితే ముందుగా పెదవులు ఎండిపోతాయి. ఆరేసిన తడిచొక్కా కాసేపట్లోనే ఆరిపోతుంది. అక్కడినుంచి నంద్యాల, గిద్దలూరు, గుంటూరు, బెజవాడల మీదుగా బందరు చేరామనుకోండి. అక్కడ ఎండ కొంచెం తక్కువే. అయినా చొక్కా వీపుకి అంటుకుపోతుంది. చెమట కారుతుంది కాని ఆరదు. వేడి తక్కువైన ఊళ్ళో బాధ ఎక్కువగా ఉండటమేమిటి?

ఒక లెక్క వేద్దాం. 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 51 గ్రాముల నీటి ఆవిరి ఇముడుతుంది. డోన్ గాలిలో 10 గ్రాములే ఉందనుకుంటే అది అయిదోవంతు. అంటే సాపేక్ష ఆర్ద్రత 20 శాతం. 35 డిగ్రీల గాలిలో సుమారు 40 గ్రాములు ఇముడుతుంది. బందరు గాలిలో 24 గ్రాములుంటే ఆర్ద్రత 60 శాతం. డోన్ గాలికి దాహమెక్కువ, మన చెమటను చప్పున తాగేస్తుంది.

ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావాలి. దానిలో ఎక్కువ భాగాన్ని అది మన చర్మం నుంచే తీసుకుంటుంది. కనుక మనల్ని చల్లబరిచేది ఆరిన చెమటే గాని కారి నేలపాలైన చెమట కాదు. కొత్తకుండలో నీళ్ళు డోన్‌లో చల్లబడినంతగా బందరులో చల్లబడకపోవడానికీ ఇదే కారణం.

మీ బడి ప్రయోగశాలలో రెండు థర్మామీటర్లు ఉంటే ఒకదాని బల్బుకి తడిగుడ్డ చుట్టి, రెండింటికీ గాలి తగిలేలా నీడలో వేలాడదీయండి. మనం అనుకున్న డోన్ గాలిలో పొడిబల్బు 40 చూపితే తడిబల్బు 23కి దగ్గరగా ఆగుతుంది. బందరులో పొడిబల్బు 35 దగ్గరున్నా తడిబల్బు 28 దాటుతుంది. శరీరానికి లెక్క ఈ రెండో అంకెతోనే. తడిబల్బు 35 డిగ్రీలకు చేరితే, నీడలో ఊరికే కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడు.

బందరుకి ఆవిరిని అందించేది పక్కనున్న సముద్రం. డోన్ సముద్రానికి దూరం. పైగా నైరుతి గాలులు పడమటి కనుమలు ఎక్కేటప్పుడే చాలా తేమను వానగా కురిసి, ఇటు దిగేసరికి పొడిబారిపోతాయి. సముద్రపు గాలి ఆలస్యమైన రోజున బందరులోనూ 40 దాటుతుందనుకోండి, అది వేరే సంగతి.

అలాగని పొడి ఎండను చులకన చేయకూడదు. 2015 మేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. గాలి చర్మం కన్నా వేడిగా ఉన్నప్పుడు అది ఒంటిని ఇంకా వేడెక్కిస్తుంది. అప్పుడు చెమట ఒక్కటే దిక్కు. డోన్ పక్కనే ఉన్న బేతంచెర్ల నాపరాతి గనుల్లో పనిచేసే మనిషికి గంటగంటకీ ఒంట్లో నీరు పోతూనే ఉంటుంది. చెమట పట్టినది పట్టినట్టే ఆరిపోవడంతో అది అతనికి తెలియదు. దాహం వేసేసరికే చాలా నీరు పోయి ఉంటుంది. అందుకే దప్పిక కాకముందే నీళ్ళు తాగాలి. సాయంత్రం చొక్కామీద కనబడే తెల్లని చారలు చెమటతో పోయిన ఉప్పు. ఎండన పడి వచ్చినవారికి మన ఇళ్ళలో ఉప్పు వేసిన మజ్జిగ ఇచ్చేది దాన్ని పూరించడానికే.