క్లాసుల్లేని యూనివర్సిటీ.. వల వేసింది సర్కారే!

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊరు. అక్కడ ఆఫీసుల బిల్డింగ్‌లో ఒక యూనివర్సిటీ. దానికో వెబ్‌సైట్, ఫేస్‌బుక్ పేజీ. 'జ్ఞానం, శ్రమ' అని లాటిన్‌లో రాసిన ముద్ర కూడా ఉంది. ఫీజు క్వార్టర్‌కు 2,500 డాలర్లు. అన్నీ ఉన్నాయి గానీ క్లాస్‌రూమ్ లేదు, పాఠం చెప్పే సారు లేడు. పేరు యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్.

2019 జనవరి 30న గుట్టు బయటపడింది. ఆ యూనివర్సిటీని నడిపింది అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖే. 'స్టాఫ్' అంతా మారుపేర్లతో పనిచేసిన ఏజెంట్లు. వాళ్ల ఫైళ్లలో దీని పేరు 'ఆపరేషన్ పేపర్ చేజ్'. చేరిన వాళ్లు 600 మందికి పైనే. అందులో ఎక్కువమంది మన తెలుగు పిల్లలు.

నేను కారేపల్లి నుంచి రాస్తున్నా. ఖమ్మం జిల్లా అంచున, అడవి మొదలయ్యే చోట ఉన్న రైల్వే జంక్షన్ మాది. ఇక్కడ్నుంచి కూడా పిల్లలు 'ఎమ్మెస్' అంటూ బయల్దేరుతున్నారు. ఫార్మింగ్టన్ మాటెత్తితే జనం రెండే మాటలంటారు. 'తెలిసే చేరారు, అనుభవించారు' అనేవాళ్లు కొందరు. 'సర్కారే మోసం చేస్తే ఎట్లా?' అనేవాళ్లు కొందరు. ఇదే గొడవ అమెరికా కోర్టుల్లో దాదాపు వందేళ్లుగా నడుస్తోంది. దానికి అక్కడి చట్టం పెట్టిన పేరు 'ఎన్‌ట్రాప్‌మెంట్'.

ఎందుకు చేరారు?

ఎఫ్-1 వీసా మీద ఉన్నోళ్లు ఎక్కడో ఒక గుర్తింపు ఉన్న కాలేజీలో చదువుతూ ఉండాలి. ఎమ్మెస్ అయ్యాక ఓపీటీ మీద కొన్నాళ్లు ఉద్యోగం చేసుకోవచ్చు. ఆలోపు హెచ్-1బీ లాటరీ తగలకపోతే? రెండు దార్లు. ఇంటికి రావడం, లేదా ఇంకో కోర్సులో చేరడం. చేరిన మొదటి రోజు నుంచే పని చేసుకునే వీలిచ్చే కోర్సులకు (డే-1 సీపీటీ) అందుకే అంత గిరాకీ.

ఇంకొందరి కథ వేరే. వాళ్లు చదువుతున్న కాలేజీకే గుర్తింపు పోయింది. వీసా నిలవాలంటే తొందరగా వేరే చోటికి మారాలి. అలా వెతుకుతుంటే ఫార్మింగ్టన్ కనబడిందని విద్యార్థుల తరఫు లాయర్లు చెప్పారు.

చూడకుండా చేరారా అంటే, చాలామంది చూశారు. కానీ విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉన్న కాలేజీల జాబితా హోంల్యాండ్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఫార్మింగ్టన్ పేరు అందులో ఉంది. కాలేజీలకు గుర్తింపునిచ్చే సంస్థ జాబితాలోనూ పెట్టించారు. 'అఫీషియల్ సైట్‌లో చెక్ చేసుకో' అని మనం అందరికీ చెప్పే సలహాను ఆ రోజు ఎవరైనా తు.చ. తప్పకుండా పాటించి ఉంటే, ఆ సైటే వాళ్లను నేరుగా వలలోకి పంపేది.

ఒకే వల, రెండు కోర్టులు

పట్టుబడినవాళ్లను రెండు గుంపులుగా చూడాలి. ఈ తేడా తెలియకపోతే కేసు అర్థం కాదు.

మొదటి గుంపు ఎనిమిది మంది. వీళ్లు విద్యార్థులను ఫార్మింగ్టన్‌కు తెచ్చి, కమీషన్ తీసుకున్నవాళ్లు. అంతా కలిపి రెండున్నర లక్షల డాలర్లకు పైగా లాభం పొందారని ప్రాసిక్యూటర్లు చెప్పారు. వీసా మోసానికి కుట్ర చేశారని వీళ్ల మీద క్రిమినల్ కేసులు పెట్టారు. నేరం ఒప్పుకొని జైలుకు పోయారు.

రెండో గుంపు మామూలు విద్యార్థులు. 2019 చివరికి సుమారు 250 మందిని పట్టుకున్నారు. వీళ్ల మీద క్రిమినల్ కేసు లేదు. వీసా నిబంధన తప్పారని ఇమ్మిగ్రేషన్ కింద అరెస్టు చేశారు. దాదాపు 80 శాతం మంది 'మేమే వెళ్లిపోతాం' అని దేశం విడిచారు. 2019 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం అమెరికా రాయబార కార్యాలయానికి అధికారికంగా నిరసన తెలిపింది. పిల్లలతో లాయర్లను, మన అధికారులను మాట్లాడనివ్వాలని అడిగింది. అక్కడి తెలుగు సంఘాలు కూడా లాయర్ల కోసం పరుగులు పెట్టాయి.

'క్రిమినల్ కేసు లేదంటే అదృష్టమే కదా' అనిపిస్తుంది. వల వేసి పట్టినప్పుడు మాత్రం, క్రిమినల్ కేసు లేకపోవడమే వాళ్లకు దెబ్బయింది. ఎలాగో చూద్దాం.

వల ఎప్పుడు న్యాయం? ఎప్పుడు అన్యాయం?

మనకు తెలిసిన వల ఏసీబీ ట్రాప్. ఆఫీసరు లంచం అడుగుతాడు. బాధితుడు ఫిర్యాదు చేస్తాడు. నోట్లకు రసాయనం పూసి పంపుతారు. చేతులు ద్రావణంలో ముంచితే గులాబీ రంగు తేలుతుంది. ఇక్కడ కీలకం ఆ రంగు ఒక్కటే కాదు. ముందు ఆఫీసరు అడిగాడా లేదా అన్నది. అడిగినట్టు, తీసుకున్నట్టు రెండూ రుజువు కావాల్సిందేనని మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2022 డిసెంబర్‌లో నీరజ్ దత్తా కేసులో మళ్లీ చెప్పింది.

అమెరికాలో ఈ గీత గీసింది 1932 నాటి సోరెల్స్ కేసు. అప్పుడు అక్కడ మద్యనిషేధం. నార్త్ కరోలినాలో ఒక ఏజెంటు టూరిస్టు వేషంలో సోరెల్స్ ఇంటికెళ్లి మందు అడిగాడు. లేదన్నాడు. మళ్లీ అడిగాడు. మాటల్లో ఇద్దరూ మొదటి ప్రపంచయుద్ధంలో ఒకే డివిజన్‌లో పనిచేశారని తేలింది. పాత ముచ్చట్లు నడిచాయి. సాటి సైనికుడివి కదా అని ఇంకోసారి అడిగాడు. సోరెల్స్ బయటికెళ్లి అరగాలన్ విస్కీ తెచ్చి ఐదు డాలర్లకు ఇచ్చాడు. వెంటనే కేసు!

మా వైపు లెక్కలో ఆలోచించండి. ఇప్పసారా అమ్మని ఒక మనిషి దగ్గరికి మఫ్టీలో ఎక్సైజ్ కానిస్టేబుల్ వచ్చి, 'అన్నా, మనది ఒకే ఊరు, ఒక్క సీసా ఎక్కడన్నా చూడరాదే' అని గంటసేపు బతిమాలి, తెచ్చాక బేడీలు వేస్తే? ఆ నేరం పుట్టింది ఎవరి బుర్రలో? అమెరికా సుప్రీంకోర్టు అడిగింది దాదాపు ఇదే. మామూలుగా ఆ పని చేయని మనిషి బుర్రలో సర్కారే నేరపు ఆలోచన నాటి, చేయించి, శిక్షించకూడదని సోరెల్స్‌కు పడిన శిక్ష కొట్టేసింది.

1992లో జాకబ్‌సన్ కేసు ఇంకో మెట్టు ఎక్కింది. నెబ్రాస్కాలో ఒక రైతుకు ప్రభుత్వ సంస్థలు దొంగ పేర్లతో 26 నెలలు ఉత్తరాలు రాశాయి. చివరికి అతను చట్టం నిషేధించిన అసభ్య పత్రిక ఆర్డర్ చేశాడు. సుప్రీంకోర్టు 5-4 తేడాతో అతని వైపు నిలిచింది. సర్కారు వాళ్లు తలుపు తట్టక ముందే అతనికి ఆ మొగ్గు ఉందని సర్కారే నిరూపించాలని చెప్పింది.

ఇక్కడో తమాషా ఉంది. ఫెడరల్ కోర్టులు నిందితుడి మనసు చూస్తాయి: ఇతనికి ముందునుంచే ఆ ఉద్దేశం ఉందా అని. మిషిగన్ రాష్ట్ర కోర్టులు పోలీసుల ప్రవర్తన చూస్తాయి: చట్టానికి లోబడే మనిషిని కూడా తప్పు చేయించేలా వీళ్లు నడుచుకున్నారా అని. ఫార్మింగ్టన్ ఉన్నది మిషిగన్‌లోనే. కేసు మాత్రం ఫెడరల్. అంటే ప్రశ్న 'సర్కారు ఇలా చేయొచ్చా' నుంచి 'నీ ఉద్దేశం ఏంటి' వైపు జరిగింది.

డిఫెన్స్ ఉంది.. వాడుకునే చోటే లేదు

ఇంత చరిత్ర ఉన్న ఈ రక్షణ మన విద్యార్థుల్లో ఎంతమందికి ఉపయోగపడింది? ఎన్‌ట్రాప్‌మెంట్ క్రిమినల్ కోర్టులో చెప్పుకునే వాదన. జ్యూరీ, సందేహానికి తావులేని రుజువు, డబ్బు లేకపోతే సర్కారు పెట్టే లాయరు, ఇవన్నీ అక్కడే దొరుకుతాయి. మన పిల్లలను నిలబెట్టింది ఇమ్మిగ్రేషన్ కోర్టులో. అక్కడ జ్యూరీ ఉండదు. లాయరు కావాలంటే సొంత డబ్బు పెట్టుకోవాలి.

దీని వెనక పాత తీర్పులున్నాయి. దేశం నుంచి పంపేయడం శిక్ష కిందికి రాదని అమెరికా సుప్రీంకోర్టు 1893లోనే చెప్పింది. 1984లో లోపెజ్-మెండోజా కేసులో అది సివిల్ వ్యవహారమేనని, క్రిమినల్ విచారణలో దొరికే రక్షణలన్నీ అక్కడ వర్తించవని మళ్లీ చెప్పింది. కాగితం మీద సివిల్. మరి బేడీలు? డిటెన్షన్ సెంటర్‌లో వారాల తరబడి ఉండటం? ఇంటి దగ్గర పేరుకుపోయిన అప్పు? అవి మాత్రం శిక్షకంటే తక్కువగా అనిపించవు. అమెరికా న్యాయ పండితులు చాలాకాలంగా వాదిస్తున్నది కూడా ఇదే.

సర్కారు వాదన కూడా విందాం. చేరినవాళ్లలో ఒక్కరూ ఒక్క క్షణం క్లాసులో కూర్చోలేదు, క్లాసులు లేవని వాళ్లకు తెలుసు, కేవలం పని చేసుకునే కాగితం కోసం వచ్చారని ప్రాసిక్యూటర్లు కోర్టుకు చెప్పారు. ఇందులో నిజం ఉంది. దొంగ యూనివర్సిటీలకు మనోళ్ల గిరాకీ ఉందన్నదీ నిజమే. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు కొందరు తెలుగు విద్యార్థుల కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. ఆ యూనివర్సిటీ ఓనరుకు 2014లో 16 ఏళ్లకు పైగా జైలు పడింది.

ఆ రెండింటి మధ్య తేడా చూడండి. ట్రైవ్యాలీలో మోసం చేసిన ఓనరు జైలుకు పోయింది. ఫార్మింగ్టన్‌లో ఓనరే సర్కారు. ఫీజు తీసుకుంది కూడా సర్కారే. ముందునుంచీ మోసం చేద్దామనుకున్నవాడికీ, గుర్తింపు పోయిన కాలేజీ నుంచి గాబరాగా వచ్చి సర్కారు వెబ్‌సైట్‌ను నమ్మినవాడికీ తేడా తేల్చే జ్యూరీ ఎక్కడా కూర్చోలేదు. ఈ కేసులో నాకు మింగుడుపడనిది అదే.

కోర్టులు మెల్లగా తలుపు తీస్తున్నాయి

ఫార్మింగ్టన్ మొదటిది కాదు. 2013లో న్యూజెర్సీలో ఇలాంటిదే ఒక దొంగ యూనివర్సిటీని ఐసీఈ పెట్టి, 2016 ఏప్రిల్‌లో 21 మంది బ్రోకర్లను పట్టుకుంది. వెయ్యికి పైగా విద్యార్థుల వీసా రికార్డులు రద్దయ్యాయి. మోసపూరితంగా చేరారన్నది వాళ్ల మీద పడ్డ ముద్ర. కొందరు కోర్టుకెక్కారు. ఆ రద్దును కోర్టులో సవాలు చేసే హక్కు విద్యార్థులకు ఉందని 2019 ఆగస్టులో అక్కడి అప్పీలు కోర్టు తేల్చింది.

ఫార్మింగ్టన్ విద్యార్థి ఒకరు ఇంకో దారి పట్టారు. 'చదువు చెప్తామని డబ్బు తీసుకున్నారు, చెప్పలేదు. ఇది కాంట్రాక్టు ఉల్లంఘన' అని ప్రభుత్వం మీదే దావా వేశారు. కింది కోర్టు 2022లో కొట్టేసింది. 2024 జూన్ 25న ఫెడరల్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును తిప్పేసింది. అది నేరస్థులను పట్టే ఆపరేషన్ అయినంత మాత్రాన కాంట్రాక్టు కేసు వినకూడదని లేదంది. డబ్బు తిరిగి ఇవ్వాలని ఆ రోజు చెప్పలేదు, కేసు వినాల్సిందేనని చెప్పింది. క్రిమినల్ చట్టం ఇవ్వని తలుపును కాంట్రాక్టు చట్టంలో వెతుక్కున్నారన్నమాట.

2025 ఏప్రిల్‌లో ఇదే గొడవ ఇంకో రూపంలో వచ్చింది. విదేశీ విద్యార్థుల పేర్లను నేర రికార్డుల డేటాబేస్‌తో పోల్చి, 4,000కు పైగా రికార్డులను రద్దు చేశారు. కేసు కొట్టేసినవాళ్లు, చిన్న ట్రాఫిక్ తప్పు చేసినవాళ్లు కూడా అందులో ఉన్నారు. దేశమంతా జడ్జీలు వరసగా స్టేలు ఇచ్చారు. ఏప్రిల్ 25న సర్కారు వెనక్కి తగ్గి, రికార్డులు పునరుద్ధరిస్తామని కోర్టుకు చెప్పింది. కోర్టుకు వెళ్లినందుకే అది జరిగింది.

వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి

*సర్కారు జాబితా ఒక్కటే చాలదు.* టైంటేబుల్ అడగండి. ప్రొఫెసర్ల పేర్లు తీసుకొని వాళ్లకే మెయిల్ పెట్టండి. ఇప్పుడు చదువుతున్నవాళ్లతో మాట్లాడండి. క్లాసుల్లేవని తెలిసిన రోజే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను కలవండి.

*ఫ్రెండ్స్‌ను చేర్పిస్తే కమీషన్ అంటే నమస్కారం పెట్టేయండి.* ఫార్మింగ్టన్‌లో క్రిమినల్ కేసు పడ్డది సరిగ్గా ఆ పని చేసినవాళ్ల మీదే.

*అరెస్టయితే కంగారులో సంతకం పెట్టొద్దు.* మాట్లాడకుండా ఉండే హక్కు ఉంది. లాయర్‌ను అడిగే హక్కు ఉంది. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం మన కాన్సులేట్‌కు కబురు చేయమని అడగొచ్చు.

*క్రిమినల్ కేసులో నేరం ఒప్పుకునే ముందు, 'నా వీసా ఏమవుతుంది?' అని లాయర్‌ను అడగండి.* ఒప్పుకుంటే దేశం నుంచి పంపేసే ముప్పు ఉందా అన్నది చెప్పడం లాయరు బాధ్యత అని 2010లో పడీయా కేసులో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక ఇంట్లోవాళ్లకు ఒక మాట. ఫీజెంత, వీసా ఎప్పుడు, ఉద్యోగం ఎన్నాళ్లకు అని అడుగుతాం. మొదటి క్లాసు ఏ రోజు, పాఠం చెప్పేదెవరు అని కూడా అడగండి. జవాబు రాకపోతే, ఆ ఫీజు కట్టకండి.