కారు అద్దాలూ, మన పర్దా

మా మేనకోడలి నికాహ్ నాడు నరసరావుపేట దారిలో తనిఖీ జరిగింది. పెండ్లికూతురు కూర్చున్న కారు అద్దాలకు నల్ల ఫిల్మ్ ఉన్నది. స్త్రీలందరినీ దింపి, రోడ్డు మీదనే దానిని ఊడబెరికించారు. కల్లాల్లో మిరపకాయలు ఏరుతున్న కూలీలు సైతం పని ఆపి చూశారు. ఏ పర్దా కోసం ఫిల్మ్ అంటించామో, ఆ పర్దాయే నడివీధిలో పోయింది.

తప్పు మాదే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నియమం ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు ప్రసరించాలి. అద్దమే అట్లు తయారై రావాలి తప్ప దానిపై ఏ ఫిల్మూ అంటించరాదని 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2021 ఏప్రిల్ నుండి అమలైన సవరణను అనుసరించి, ప్రమాణాలకు లోబడిన ఫిల్మ్‌ను కేరళ హైకోర్టు 2024లో అనుమతించింది. అయితే ఆ శాతాలు మాత్రం మారలేదు. దుకాణదారుడు "ఇది 50 శాతందే" అని నమ్మబలుకుతాడు. అద్దం స్వతహాగా 75 శాతమే వెలుతురును పోనిస్తే, దానిపై ఆ ఫిల్మ్ పడిన తరువాత మిగిలేది 37.5 శాతమే!

గల్ఫ్ నుండి వచ్చిన మన యువకులు అక్కడి కార్లను ఉదాహరణగా చూపుతారు. యు.ఏ.ఇ. 2017 నుండి పక్క అద్దాలకు 50 శాతం వరకు నలుపును అనుమతించింది. అంటే అక్కడా హద్దు ఉన్నది. బ్రిటన్‌లో డ్రైవరు పక్క అద్దాలకు 70 శాతం వెలుతురు తప్పనిసరి, వెనుక సీటు అద్దాలకు పరిమితి లేదు. మనం ఏ రోడ్డుపై నడుపుతామో, ఆ రోడ్డు చట్టమే మనకు వర్తిస్తుంది. ఒప్పందాలను నెరవేర్చమని సూరా మాయిదా తొలి ఆయతులోనే ఆదేశమున్నది. లైసెన్సు పుచ్చుకొనుట ఒప్పందం కాదా?

హజ్రత్ ఆయిషా (ర.అన్హా) తెరలు గల హౌదాలో ప్రయాణించలేదా అని ఒక మిత్రుడు వాదించారు. నిజమే. మన పెద్దల కాలపు గూడుబండికీ దుప్పటి కట్టేవారు. కాని ఒంటెను, ఎడ్లను తోలేవాని కళ్ళకు తెర లేదు. లైటు లేని ట్రాక్టర్లు తిరిగే మన రోడ్లపై రాత్రివేళ నల్ల అద్దం డ్రైవరు కళ్ళనే కప్పుతుంది.

హజ్జతుల్ విదా సందర్భంలో దైవప్రవక్త (స) వెనుక వాహనంపై కూర్చున్న ఫజ్ల్ బిన్ అబ్బాస్ (ర) ఒక స్త్రీని తదేకంగా చూడసాగారు. ప్రవక్త (స) ఆయన ముఖాన్నే పక్కకు త్రిప్పారు.

మా మేనకోడలి కారుకు ఇప్పుడు ఫిల్మ్ లేదు. బురఖా ధరించి వెనుక సీటులో కూర్చుంటుంది.