మొదట భోజనము, తరువాత ప్రశ్న
(రేడియో వర్తమానము – యోహాను 21:1-17)

ఈ దినము యోహాను సువార్త 21వ అధ్యాయమును ధ్యానించుకుందాము. బైబిలు దగ్గర ఉంటే తెరచి పెట్టుకోండి.

కొంతకాలం క్రితం మా సంఘ సహోదరులం ఏడుగురం కాకినాడ దగ్గర ఒక ఇంజను పడవను రోజు కిరాయికి మాట్లాడుకొని, పడవవారితో కలిసి చేపల వేటకు వెళ్ళాము. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధము ముగిసిన తరువాతి రోజులవి. మూడుసార్లు వల వేసినా పడ్డవి గుప్పెడు చిన్న చేపలే. ఒకవైపు ఎండ, ఒకవైపు వాంతులు, పైగా కిరాయి దండగైందనే బాధ!

మాలో ఒక సహోదరుడు ఏడాదిగా ఆరాధనకు రావడం లేదు. సంఘములో కొందరి దగ్గర తీసుకున్న అప్పు తీర్చలేక ముఖం చాటేశాడు. పడవలోనైనా దొరికాడు కదా అని నేను అందరి ముందు, "ఏమయ్యా, ప్రభువును మరచిపోయావా?" అని అడిగాను. అతడు తల వంచుకొని సాయంత్రం వరకు నీళ్ళవైపే చూస్తూ కూర్చున్నాడు. ఆ రాత్రి ఈ అధ్యాయము చదివినప్పుడు నా తప్పు నాకు తెలిసింది.

ఇక్కడ కూడా పడవలో ఉన్నది ఏడుగురే. 1986లో గలిలయ సముద్రపు నీరు తగ్గినప్పుడు, ఇంచుమించు యేసుప్రభువు కాలము నాటి పడవ ఒకటి బురదలో బయటపడింది. దాని పొడవు సుమారు 8 మీటర్లు, వెడల్పు 2 మీటర్లకు కొంచెం ఎక్కువ. అటువంటి పడవలో ఒకరికొకరు తప్పించుకొని కూర్చునే చోటు ఉండదు. ప్రభువును ఎరుగనని ముమ్మారు బొంకిన పేతురు, ఆ సంగతి తెలిసినవారి మధ్యనే రాత్రంతా ఖాళీ వల లాగాడు.

తెల్లవారినప్పుడు ప్రభువు ఏమి చేశాడో గమనించండి.

మొదటిది, వారి వల నింపాడు. 153 గొప్ప చేపలు పడినా వల పిగలలేదు.

రెండవది, నిప్పులు సిద్ధపరచాడు. బొగ్గుల నిప్పుకు ఇక్కడ వాడిన గ్రీకు మాట క్రొత్త నిబంధనలో రెండే చోట్ల కనబడుతుంది. ఒకటి ఇక్కడ, మరొకటి పేతురు చలి కాచుకుంటూ బొంకిన ప్రధాన యాజకుని ముంగిట (18:18). పేతురు పడిపోయిన చోటును గుర్తుచేసే నిప్పుల దగ్గరే ప్రభువు అతనికి రొట్టె, చేపలు వడ్డించాడు.

మూడవది, వారు భోజనము చేసిన తరువాతనే ప్రశ్న అడిగాడు (15వ వచనము). "ఎందుకు బొంకావు?" అని కాదు, తనను ప్రేమిస్తున్నాడా అని అడిగాడు. మూడుసార్లు అడిగి, మూడుసార్లూ తన మందను అతనికి అప్పగించాడు. పాపమును ప్రభువు కప్పిపుచ్చలేదు, పాపిని సిగ్గుపరచనూ లేదు.

నేనైతే ముందు ప్రశ్న అడిగాను, రొట్టె పెట్టలేదు. మరుసటి వారం ఆ సహోదరుని ఇంటికి వెళ్ళి క్షమాపణ వేడుకున్నాను. అతని భార్య మాకిద్దరికీ అన్నం వడ్డించింది. తిన్న తరువాత, నేను అడగకముందే, అతడే తన అప్పు సంగతి మాట్లాడటం మొదలుపెట్టాడు. అతడు ఇంకా ఆరాధనకు రాలేదు, కానీ మేము కలిసి ప్రార్థిస్తున్నాము.

ప్రియ చదువరీ, మీ సంఘములో ముఖం చాటేసినవారు ఎవరు? ఈ వారం వారిని ప్రశ్నతో కాక, భోజనముతో కలుసుకోండి. ఒకవేళ ముఖం చాటేసినది మీరే అయితే, ఒడ్డున ప్రభువు నిప్పులు సిద్ధపరచి మీ కోసము కనిపెట్టుచున్నాడు. ఆయన యొద్దకు రండి.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.